పాత బండి - కొత్త తీగ

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. కానీ ప్రతి ఇంట్లోనూ రోత పుట్టని పాత వస్తువు ఒకటైనా ఉంటుంది. అమ్మమ్మ గంగాళం, అత్తగారి కుట్టుమిషను, నాన్నగారి కారు... గంగాళంతో పేచీ లేదు. దాన్ని మనం కొత్త పనులేవీ చెయ్యమని అడగం. చిక్కంతా కారుతోనే!

మాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో అంబాసిడర్ ఉంది. 2014లో ఆ కార్ల తయారీయే ఆగిపోయింది. భర్త పోయాక కూడా ఆవిడ దాన్ని అపురూపంగా చూసుకుంటున్నారు. కొడుకు దానికి ఏసీ పెట్టించి, పెద్ద లైట్లు వేయించి, వాటికి చాలేట్టు పెద్ద ఆల్టర్నేటరు బిగించాడు.

"అమ్మగారూ, అక్కణ్ణించి బ్యాటరీకి వెళ్ళే వైరు కూడా మార్చాలండీ. పాతది ఆగదు" అన్నాడు మెకానిక్కు.

ఆవిడ ససేమిరా అన్నారు. "మీ నాన్నగారు చేత్తో బిగించిన వైరు కూడా పీకేస్తే, ఇంక అది ఆయన కారెలా అవుతుందిరా?" అని కొడుకుని అడిగారు.

నవ్వకండి. ఇది చాలా పాత ప్రశ్న. ఏథెన్సు వాళ్ళు థీసియస్ ఓడను దాచుకుని, పుచ్చిన చెక్కల్లా తీసేసి కొత్తవి వేస్తూ వచ్చారనీ, అది ఆ ఓడేనా కాదా అని పండితులు వాదించుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. ఆ వాదం ఇంకా తేలలేదు. కానీ దాచుకున్న ఓడ వేరు, పిల్లలు ఎక్కి తిరిగే కారు వేరు.

ఆల్టర్నేటరు పుట్టించే కరెంటు ఆ వైరు మీదుగానే బ్యాటరీకి చేరాలి. అందులో ప్రవహించే కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! ఇరవై ఆంపియర్లకని వేసిన తీగ నలభై మోస్తే ఏమవుతుంది? ఇన్నేళ్ళ వేడికి ఎండిన పైతొడుగు పెళుసెక్కి చిట్లుతుంది. లోపలి రాగి బండి ఇనుముకి తగిలిందా, నిప్పే. మధ్యలో ఫ్యూజు లేకపోతే దాన్ని ఆపే దిక్కుండదు.

అలాగని మార్పు కోసమే మార్చమని కాదు. కొత్త బరువేదీ వేయని బండికి ఒక చిన్న పరీక్ష చేయించవచ్చు. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతుండగా ఓల్టుమీటరు ఒక కొస ఆల్టర్నేటరు మీద, రెండోది బ్యాటరీ ప్లస్సు మీద పెడతారు. అర ఓల్టు లోపే చూపించి, తొడుగు గట్టిగా ఉంటే, చిలుము గోకి ఆ వైరునే ఉంచుకోవచ్చు. బరువు పెరిగితే మాత్రం లావుపాటి తీగ, దానికి తగ్గ ఫ్యూజు వేయించాల్సిందే. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ సంగతి కూడా చూడాలి. కరెంటుకి వెళ్ళే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే కదా!

ఆయనే ఉండి ఉంటే ఏం చేసేవారు? తన చేత్తో వైరు బిగించుకున్న మనిషి, అది వేడెక్కుతుంటే చూస్తూ ఊరుకునేవారా? ఆయన మీద ప్రేమ ఉంటే ఆ పాత తీగని చుట్టచుట్టి కళ్ళజోడు పక్కన దాచుకోవచ్చు. ఆయన మనవలు ఎక్కే బండిలో మాత్రం ఉంచకూడదు.

నిజానికి ఆ తీగ చేసిన తప్పేమీ లేదు. మొదట్లో దానికి అప్పగించిన బరువు వేరు, ఇప్పుడు మనం వేసిన బరువు వేరు. ఇళ్ళల్లోనూ ఇంతే. సంపాదన పెరుగుతుంది, అవసరాలు పెరుగుతాయి, వచ్చే పోయే చుట్టాలు పెరుగుతారు. రెంటికీ మధ్య నిలబడి మోసే మనిషి మాత్రం ఒక్కతే. "ఇన్నాళ్ళూ మోసింది కదా, ఇప్పుడేం వచ్చింది?" అంటాం. వేడి నాలుగు రెట్లయిందని ఎవరూ చెయ్యి పెట్టి చూడరు, పొగ వచ్చేదాకా.

బరువు పెంచేవాళ్ళు ముందుగా దారిని గట్టి చెయ్యడం న్యాయం. కారైనా, కాపురమైనా. ఏమంటారు?