మాంసాహారి చేపకు సోయా మేత

నార్వే ఫియోర్డుల్లో వల పంజరాల మధ్య పెరిగే అట్లాంటిక్ సాల్మన్ పుట్టుకతోనే వేటగాడు. చిన్న చేపల్ని, రొయ్యజాతి జీవుల్ని పట్టి తినడానికి తగ్గట్టే దాని పళ్ళు, పొట్ట, పేగు ఏర్పడ్డాయి. 1990లో అక్కడి సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం చేపపొడి, చేపనూనె ఉండేవి. 2013 నాటికి వాటి వాటా 30 శాతానికి దిగింది. ఖాళీ అయిన చోటులోకి రేప్‌సీడ్ నూనె, గోధుమ గ్లూటెన్, ముఖ్యంగా బ్రెజిల్ నుంచి వచ్చే సోయా ప్రొటీన్ చేరాయి. చేపపొడి కొరత, దాని ధర ఈ మార్పుకు అసలు కారణాలు. ఇప్పుడు దీనికి ధర్మం రంగు కూడా పూస్తున్నారు: చేపకు చేపను పెట్టడం మానేశాం, అంత మేరకు హింస తగ్గింది కదా అని. ఈ మాటను కొట్టిపారేయలేం. అలాగని పూర్తిగా ఒప్పుకోనూ లేం. కిలో సాల్మన్‌కు చచ్చే చేపల సంఖ్య తగ్గిన మాట నిజమే. కానీ అహింసను తలల లెక్కతోనే తూచితే మన చెరలో ఉన్న ప్రాణికి మనం పడ్డ బాకీ ఆ లెక్కలోకి రాదు. ఆ బాకీ తీర్చడం ఇంత కష్టమవుతున్నదంటే, మేత సంగతి అటుంచి, అసలు ఆ ప్రాణిని పెంపకానికి ఎంచుకోవడం దగ్గరే మన తప్పు మొదలైందేమో చూడాలి.

ముందు తలల లెక్కే చూద్దాం. అలిసన్ మూడ్, ఫిల్ బ్రూక్ అనే పరిశోధకులు 2000 నుంచి 2019 వరకు గల కాలానికి వేసిన అంచనా ప్రకారం, ఏటా మనిషి సహజ జలాల్లో పట్టే చేపలు 1.1 లక్షల కోట్ల నుంచి 2.2 లక్షల కోట్ల దాకా ఉంటాయి. వాటిలో దాదాపు సగం కంచంలోకి రావు, పొడిగా నూనెగా మారిపోతాయి. ఈ రాశిలో పెద్ద వాటా పెరూ తీరపు ఆంచోవీలది, అంటే మన మత్స్యకారులు నెత్తళ్ళు అనే చేపల బంధువులది. చేపకు నొప్పి ఏమిటి అని నవ్వేవాళ్ళకు 2003లో శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం జవాబిచ్చింది: ట్రౌట్ చేప తలపై నొప్పిని పసిగట్టే నరాల కొసలున్నాయని చూపింది. దాన్ని బాధ అనొచ్చా అన్న వాదం శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. అది తెగేదాకా చేప పక్షాన నిలబడటమే న్యాయం. పైగా మన ధర్మశాస్త్రాలు హింస బాధ్యతను చంపిన చేతి దగ్గరే ఆపలేదు. మనుస్మృతి అనుమతించినవాడిని, కొన్నవాడిని, అమ్మినవాడిని, వండినవాడిని, తిన్నవాడిని కూడా హంతకుల వరసలోనే నిలబెట్టింది. జైనులు చేయడం, చేయించడం, ఆమోదించడం మూడింటినీ లెక్కలోకి తీసుకున్నారు. మేత కొన్న పెంపకందారు, సాల్మన్ ముక్క కొన్న ఓస్లో గృహస్థు ఇద్దరూ ఆ వరసలోని వాళ్ళే. ఈ కొలతతో చూస్తే సోయా మేలే చేసింది.

అయితే ఒకచోట మునిగిన హింస మరోచోట తేలడం ఈ కథలో మొదటినుంచీ ఉంది. 1970లో పెరూ ఆంచోవీ వేట కోటి ఇరవై లక్షల టన్నులకు చేరింది. మితిమీరిన వేటకు 1972–73 ఎల్ నినో తోడై, 1973 నాటికి అది ఇరవై లక్షల టన్నులకు అటూఇటూగా కుప్పకూలింది. చేపపొడి దొరక్క కోళ్ళ, పందుల మేత తయారుచేసేవాళ్ళు సోయా మీద పడ్డారు. ఇతర కారణాలూ కలిసి సోయా ధర ఆకాశానికి పోయింది. 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులపై ఆంక్ష పెట్టింది. టోఫు, మిసో లేకుండా పూట గడవని జపాన్ ఉలిక్కిపడి బ్రెజిల్ వైపు తిరిగింది. 1979 నుంచి జపాన్ పెట్టుబడితో బ్రెజిల్‌లోని సెరాడో పచ్చికమైదానాలను దున్నే పథకం నడిచింది. నేడు సాల్మన్‌కు మేత పంపుతున్న బ్రెజిల్ సోయా సాగు విస్తరణలో ఆ పథకానికీ పాత్ర ఉంది. సముద్రంలో నెత్తళ్ళ లోటు వేల మైళ్ళ దూరాన నేల మీద చెట్టూ పుట్టా పోవడంగా తేలింది. దిద్దుబాట్లూ జరుగుతున్నాయి, కాదనను. నార్వే సాల్మన్ మేతకు సోయా సరఫరా చేసే బ్రెజిల్ సంస్థలు, 2020 ఆగస్టు తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన గింజ కొనబోమని 2021లో ప్రకటించాయి. అంతకు ముందు కొట్టినదాని లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ధర్మవ్యాధుడు గుర్తుకు రాక మానడు. మహాభారతం అరణ్యపర్వంలో ఆ మాంసవిక్రేత కౌశికుడనే బ్రాహ్మణుడికి చెబుతాడు: నాగలి సాగితే నేలలోని జీవులు చస్తాయి, ధాన్యపు గింజలోనూ ప్రాణముంది, నడిచే కాలి కింద నలిగే జీవులకు లెక్కే లేదు. సోయా పొలానికి ఇది అక్షరాలా సరిపోతుంది. ఎటు తిరిగినా హింసే కనుక ఏదైనా ఒకటేనని వాదించడానికి ఈ ఘట్టాన్ని వాడుకునేవాళ్ళున్నారు. వాళ్ళు ఆ పాత్రను సగమే చదివారని నాకనిపిస్తుంది. అతను మాంసం అమ్ముతాడు గానీ తన చేత్తో చంపడు, మాంసం తినడు. తప్పని హింస మధ్య నిలబడి, తప్పించుకోగలిగిన చోట గీత గీసుకున్న మనిషి అతను.

ఆ గీత సాల్మన్ విషయంలో ఎక్కడ పడాలి? పెరూ నెత్తళ్ళతో మనది వేటగాడి సంబంధం. పంజరంలోని సాల్మన్‌తో అది యజమాని సంబంధం. గుడ్డు పొదిగించింది మనం, అది ఈదే నీళ్ళకు హద్దు పెట్టింది మనం, ఏం తినాలో నిర్ణయించేదీ మనమే. నచ్చకపోతే పక్కకు పోయి వేరేది వెతుక్కునే దారి దానికి లేదు. గొడ్డును కట్టేసినవాడే మేత వేయాలన్నది మన పల్లెల్లో ఎవరూ నేర్పనక్కరలేని ధర్మం, ఆ మేత ఒంటికి పడేదై ఉండాలన్నది అందులో భాగమే. సాల్మన్‌కు సోయా పడిందా? నూనె తీసిన మామూలు సోయాపిండి పెడితే సాల్మన్ వెనక పేగు వాచిపోతుందని, లోపలి ముడతలు కుదించుకుపోతాయని 1990ల నుంచి పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. సోయాలోని సాపోనిన్లు అనే రసాయనాలు అందుకు ముఖ్య కారణంగా తేలాయి. దానికి విరుగుడుగానే గింజపిండిని ఆల్కహాల్‌తో కడిగి ప్రొటీన్‌ను గాఢం చేసే పద్ధతి నిలదొక్కుకుంది. అలా చేస్తే సాపోనిన్లు చాలావరకు పోతాయి, చేప తట్టుకుంటుంది.

అలా శుద్ధి చేశాక ఇక బాకీ ఏముందని అడగవచ్చు. పేగు వాపు మేరకు బాకీ తీరినట్టే, అది చిన్న విషయమేమీ కాదు. నా అభ్యంతరం కొలబద్ద మీద. మేత బాగుందా లేదా అన్నది పెంపకంలో ప్రధానంగా బరువుతో తేలుస్తారు: ఎన్ని కిలోల మేతకు ఎన్ని కిలోల చేప వచ్చిందని. పేగు కొంత వాచిన చేప కూడా బరువు పెరగగలదు. బరువు యజమాని లాభానికి కొలత, పేగు చేప క్షేమానికి కొలత. చెరలో ఉన్న ప్రాణి విషయంలో రెండోదే ముందుండాలి.

సముద్రంలో స్వేచ్ఛగా ఉన్నా సాల్మన్ చిన్న చేపల్నే తినేది కదా, మత్స్యన్యాయానికి మనమెందుకు బాధ్యులమని మరొకరంటారు. అక్కడ అది తిన్నదానికి ఎవరూ బాధ్యులు కారు. కానీ ఫియోర్డు పంజరాల్లోని కోట్ల చేపలు మనం పుట్టించకపోతే లేవు, వాటి ఆకలీ లేదు. ఇక ప్రపంచ సోయాలో నాలుగింట మూడు వంతుల దాకా పశువులకు, కోళ్ళకే పోతుంటే చేపల మీదే ఎందుకీ గొడవ అన్నది నిజమైన ప్రశ్నే. కోడికి గింజ పరాయిది కాదు, సాల్మన్‌కు పరాయిది. ఈ వ్యాసంలోని తగువంతా ఆ తేడా గురించే.

ఆ తేడా బాగా కనిపించేది మన చెరువుల్లో. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో పెంచే శీలావతి, బొచ్చె కార్ప్ జాతి చేపలు. వాటికి అసలు పొట్టే ఉండదు, పొడవాటి పేగు ఉంటుంది. సంచులకు కన్నాలు పెట్టి, నూనె తీసిన తవుడు నింపి, చెరువులో కర్రలకు కట్టి వేలాడదీస్తే వచ్చి పొడుచుకు తింటాయి. వాటి నైజాన్ని ఎవరూ మార్చనక్కర్లేదు. ఇందులో మన గొప్పతనం ఏమీ లేదు. తవుడు చవక, అంతే. ఆ చెరువుల కోసమే కొల్లేరును కమ్మేసిన చరిత్రా మనదే, పక్కనే వనామీ రొయ్యకు చేపపొడి, సోయా రెండూ కలిపిన మేత వేస్తున్నదీ మనమే. అయినా ఆ కార్పులు ఒక విషయం రుజువు చేస్తున్నాయి: మొక్క మేతకు ఒదిగే చేపలున్నాయి, ఎంపిక మన చేతిలోనే ఉంది.

సాల్మన్‌నే ఎంచుకోవాలనేవాళ్ళకు మిగిలే బలమైన కారణం ఒమేగా-3. గుండెకు మంచిదని దాన్ని తినేవాళ్ళు కోట్లమంది. కానీ చేపనూనె స్థానంలో మొక్కల నూనె పోసిన ఫలితంగా, 2006 నుంచి 2015 లోపు స్కాట్లండ్ పెంపకపు సాల్మన్‌లో ఆ కొవ్వులు దాదాపు సగానికి తగ్గాయి. అసలా కొవ్వులు సముద్రంలో తయారయ్యేది సూక్ష్మ శైవలాల్లో, చేప వాటిని కూడబెట్టుకుంటుందంతే. శైవలాల నుంచి తీసిన నూనె ఇప్పుడు మాత్రలుగా అమ్ముతున్నారు, సాల్మన్ మేతలోనూ కలుపుతున్నారు. గుండె కోసమే అయితే, ఆ నూనెను నేరుగా తాగగల మనిషికి నడుమ ఒక వేటగాడిని పంజరంలో పెట్టి సోయా మేపే అవసరమేమిటో చెప్పాల్సినవాళ్ళు ఇంతవరకు సరిగా చెప్పలేదు.