నల్ల జీలకర్ర - షుగర్ వ్యాధి - తవక్కుల్



అల్లాహ్ మనిషికి ప్రసాదించిన గొప్ప అనుగ్రహాలలో ఆరోగ్యం ఒకటి. అది ఉన్నంతకాలం దాని విలువ మనకు తెలియదు. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. మన శరీరానికి మనపై హక్కు ఉందని కూడా ఆయన (స) బోధించారు. అంటే ఈ శరీరం మన సొంత ఆస్తి కాదు. దీని యజమాని అల్లాహ్. మన దగ్గర ఇది ఒక అమానతు. రేపు ప్రళయదినాన ఈ అమానతును గురించి కూడా మనం జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

నేడు ఈ అమానతును లోలోపలే తినేస్తున్న వ్యాధుల్లో షుగర్ ఒకటి. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) చేయించిన సర్వే 2023లో ప్రచురితమయింది. దాని అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. మరో 13 కోట్లకు పైగా ప్రజలు దాని అంచున ఉన్నారు. ఈ లెక్క ఎక్కడో దూరాన ఉన్నవారిది కాదు. మన ఇళ్లలో జరిగే దావత్‌లో దస్తర్‌ఖాన్ చుట్టూ ఒకసారి చూడండి. ఒకరు ఖుబానీ కా మీఠా వద్దని చేయి అడ్డం పెడతారు. మరొకరు "ఈ ఒక్కరోజుకు ఏం కాదులే" అని వడ్డించుకుంటారు.

మాకు ఎదురైన సంఘటన

ఈ విషయం రాయడానికి మాకు ఒక కారణం ఉంది. మా మస్జిదులో ప్రతి జుమాకూ మొదటి వరుసలో కూర్చునే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనకు ఎన్నో ఏళ్లుగా షుగర్. ఒకరోజు నమాజు తర్వాత మా దగ్గరకు వచ్చి, "మౌలానా! కలోంజీలో ప్రతి రోగానికీ షిఫా ఉందని హదీసులో ఉంది కదా! రోజూ పొద్దున్నే కలోంజీ, తేనె తీసుకుంటున్నాను. మంచిదే కదా?" అని అడిగారు. మాకు సంతోషం కలిగింది. "మాషాఅల్లాహ్! తప్పకుండా తీసుకోండి చాచా" అన్నాం. ఆ హదీసు సహీహ్ హదీసని, బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉందని కూడా చెప్పాం. అయితే డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నారా, లేదా అని మాత్రం మేము అడగలేదు.

కొన్ని నెలల తర్వాత ఆయన జుమాకు రావడం మానేశారు. విచారిస్తే ఆసుపత్రిలో ఉన్నారని తెలిసింది. ఆయన మాత్రలు పూర్తిగా మానేశారట. చెప్పు ఒరుసుకుని కాలి వేలికి పుండు పడింది. షుగర్ వల్ల కాలు అప్పటికే మొద్దుబారి ఉండటంతో నొప్పి తెలియలేదు. పుండు ముదిరింది. చివరికి ఆ వేలు తీసేయవలసి వచ్చింది. మేము చూడటానికి వెళ్లినప్పుడు ఆయన మమ్మల్ని నిందించలేదు. "మీరు కూడా మంచిదే అన్నారు కదా మౌలానా, ఆ ధైర్యంతో మానేశాను" అన్నారు. అంతే. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వెంటాడుతూనే ఉంది.

అజ్ఞానానికి మందు

మదర్సాలో చదువుకునే రోజుల్లో అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసును మేము ఎన్నోసార్లు చదివాం. హజ్రత్ జాబిర్ (రజియల్లాహు అన్హు) దాన్ని ఉల్లేఖించారు. కొందరు సహాబాలు ప్రయాణంలో ఉండగా ఒకతని తలకు రాయి తగిలి గాయమయింది. ఆ తర్వాత అతనికి గుసుల్ చేయవలసిన అవసరం వచ్చింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్లు అందుబాటులో ఉన్నాయి కాబట్టి వీల్లేదని వారు చెప్పారు. అతను స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి తెలిసినప్పుడు మహాప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతన్ని చంపేశారన్నారు. తెలియనప్పుడు తెలిసినవారిని ఎందుకు అడగలేదని నిలదీశారు. అడిగి తెలుసుకోవడమే అజ్ఞానానికి మందు అని బోధించారు.

ఆలోచించండి! ఆ సలహా ఇచ్చినవారు దుర్మార్గులు కారు. ధర్మం మీద ప్రేమతోనే చెప్పారు. గుసుల్ విషయంలో వారికి తెలిసిన నియమం కూడా అబద్ధం కాదు. కానీ ఎదుట ఉన్నది గాయపడిన మనిషి అన్న సంగతిని వారు లెక్కలోకి తీసుకోలేదు. మేము చేసిన పొరపాటు కూడా అదే. హదీసు చెప్పాం గాని, మనిషి పరిస్థితిని అడగలేదు. ఈ హదీసును పరీక్షల కోసం చదివినప్పుడు మాకు అర్థం కాని విషయం ఆసుపత్రి మంచం పక్కన నిలబడినప్పుడు అర్థమయింది.

కలోంజీ హదీసును ఎలా అర్థం చేసుకోవాలి?

నల్ల జీలకర్రలో మరణం తప్ప ప్రతి వ్యాధికీ స్వస్థత ఉందని మహాప్రవక్త (స) చెప్పిన మాటను మనం మనస్ఫూర్తిగా విశ్వసిస్తాం. ఇందులో సందేహానికి తావు లేదు. అయితే మన పూర్వ పండితులు ఈ హదీసును ఎలా వివరించారో కూడా తెలుసుకోవాలి. ఇక్కడ మాట రూపంలో అన్ని వ్యాధులనూ సూచించినా, ఉద్దేశం మాత్రం శీతలం, తేమ కారణంగా కలిగే వ్యాధులని ఇమామ్ ఖత్తాబీ (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయపడ్డారు. బుఖారీకి ప్రఖ్యాత వ్యాఖ్యానం రాసిన ఇబ్నె హజర్ (రహ్మతుల్లాహి అలైహి), ప్రతి వ్యాధికీ దీన్ని ఒంటరిగానే వాడాలని అర్థం కాదని, సందర్భాన్ని బట్టి విడిగానూ, ఇతర మందులతో కలిపి కూడా వాడతారని వివరించారు. అంటే ఇతర మందులన్నీ మానేయాలనే అర్థాన్ని వారు ఈ హదీసు నుంచి తీయలేదు. ఆ అర్థాన్ని కల్పించుకున్నది మనమే.

వైద్య పరిశోధన ఏం చెబుతోంది?

వంకాయ కోసి గాలికి వదిలేస్తే కాసేపటికి నల్లబడుతుంది. ఆక్సిజన్ వల్ల జరిగే మార్పు అది. నిమ్మరసం పిండితే ఆ మార్పు నెమ్మదిస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువకాలం పెరిగి ఉంటే మన శరీర కణాల్లో కూడా ఇటువంటి హాని ఎక్కువవుతుంది. కళ్లు, మూత్రపిండాలు, నరాలకు సంబంధించిన సన్నని రక్తనాళాలు దెబ్బతినడానికి ఇదొక కారణం. ఈ హానిని అడ్డుకునే పదార్థాలను యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. కూరగాయలు, పండ్లు, పసుపు వంటి వాటిలో అల్లాహ్ వీటిని ఉంచాడు. నల్ల జీలకర్రలో ఉండే థైమోక్వినోన్ కూడా అటువంటిదే.

సౌదీ అరేబియాలో 94 మంది షుగర్ రోగులకు నల్ల జీలకర్ర ఇచ్చి చేసిన ఒక అధ్యయనం 2010లో ప్రచురితమయింది. రోజుకు 2 గ్రాములు తీసుకున్నవారిలో మూడు నెలల్లో షుగర్ చెప్పుకోదగినంత తగ్గింది. కానీ ఒక సంగతి గమనించాలి. వారంతా తమ మాత్రలు వేసుకుంటూనే దాన్ని తీసుకున్నారు. అలాగే మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతులపై 1980, 90 దశకాల్లో పరిశోధనలు చేశారు. మెంతుల్లోని పీచు పదార్థం భోజనం తర్వాత చక్కెర ఒక్కసారిగా పెరగకుండా తోడ్పడుతుందని వాటి ద్వారా తెలిసింది. ఇవి మంచి విషయాలే. అయితే ఇవి చిన్న అధ్యయనాలు. మందులకు తోడుగా ఉపయోగపడవచ్చని మాత్రమే వీటివల్ల తెలుస్తుంది.

యాంటీ ఆక్సిడెంట్ అనే పేరు ఉన్నంత మాత్రాన మేలు జరిగి తీరుతుందని కూడా అనుకోరాదు. 2000 సంవత్సరంలో ప్రచురితమైన హోప్ అనే పెద్ద అధ్యయనంలో, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9 వేల మందికి పైగా పాల్గొన్నారు. వారిలో షుగర్ రోగులు కూడా చాలామంది ఉన్నారు. దాదాపు సగం మందికి యాంటీ ఆక్సిడెంట్ అయిన విటమిన్ ఇ ఇచ్చారు. మిగిలినవారికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. నాలుగున్నర ఏళ్ల తర్వాత చూస్తే గుండెపోటు, పక్షవాతం విషయంలో ఇరువురికీ తేడా కనిపించలేదు.

మూలికకూ మాత్రకూ వైరం లేదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. షుగర్ రోగుల్లో ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర మూలం ఒక మూలికే. యూరప్‌లో పూర్వం గెలీగా అనే మొక్కను వైద్యానికి వాడేవారు. అందులో షుగర్ తగ్గించే గుణం ఉంది, విషగుణమూ ఉంది. ఆ జాతి పదార్థాలపై పరిశోధించి, ప్రమాదం తక్కువగా ఉండే మందును తయారుచేశారు. 1957లో ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు జీన్ స్టెర్న్ దాన్ని షుగర్ రోగులకు వాడిన ఫలితాలను ప్రచురించారు. మూలికలో గుణాన్ని ఉంచినవాడు అల్లాహ్. దాని మోతాదును కనిపెట్టే బుద్ధిని మనిషికి ఇచ్చినవాడూ అల్లాహ్‌యే. మరి మాత్రను అల్లాహ్ అనుగ్రహం కానట్లు ఎందుకు చూడాలి?

వైద్యం పేరుతో వ్యాపారం

కొందరు సీసా మీద 'తిబ్బె నబవీ' అని రాసి, నలభై రోజుల్లో షుగర్ మాయం అని చెప్పి అమ్ముతున్నారు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యత వహించాలని మహాప్రవక్త (స) బోధనల్లో ఉంది. 1954 నాటి మన దేశ చట్టం కూడా షుగర్‌ను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. మూలికల మందు పేరుతో అమ్మిన పొడుల్లో షుగర్ మాత్రల పదార్థాన్ని రహస్యంగా కలిపిన ఉదంతాలు పలు దేశాల్లో బయటపడ్డాయి. అటువంటి పొడి వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోయి, మనిషి స్పృహ తప్పవచ్చు. ప్రవక్త (స) చెప్పని హామీని ఆయన పేరుతో అమ్మడం కేవలం వ్యాపార మోసం కాదు, ఆయనపై అబద్ధం కల్పించడం. దీనికి పరలోకంలో లెక్క ఉంది.

తవక్కుల్ అంటే ఏమిటి?

"మందు మానేశాను, అల్లాహ్ మీద భారం వేశాను" అని కొందరంటారు. ఒంటెను కట్టాలా, లేక వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని ఒకతను అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమని మహాప్రవక్త (స) నేర్పారు. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగితే చేయించుకోమనే ఆదేశించారు. హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారని, దానితోపాటు మదీనా అజ్వా ఖర్జూరాలను కూడా సూచించారని అబూ దావూద్‌లో ఉంది. చూశారా! ఒకేచోట వైద్యుడూ ఉన్నాడు, ఖర్జూరమూ ఉంది. ఒకటి రెండోదాన్ని తోసివేయలేదు.

కనుక ప్రియ సోదరులారా! కలోంజీ, మెంతులు, కాకర తినాలనుకుంటే తినండి. కానీ ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. మాత్రలతో కలిసి షుగర్ మరీ తగ్గే అవకాశం ఉంటుంది. తేనెలో షిఫా ఉందని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది. అయితే తేనెలో చక్కెర కూడా ఉంది కాబట్టి షుగర్ రోగి మోతాదు మరువరాదు. మాత్ర తగ్గించాలా, మానాలా అన్నది మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే రక్తపరీక్ష చూసి డాక్టరు నిర్ణయించాలి. ఇన్సులిన్ మీద ఆధారపడిన పిల్లల విషయంలో అయితే ఒక్కరోజు కూడా ప్రయోగాలు చేయకండి. 1922లో ఇన్సులిన్ చికిత్స మొదలయ్యే వరకు అటువంటి పిల్లలు బతికేవారు కాదు. ప్రతి రాత్రి పాదాలు చూసుకోండి. రోజుకు ఐదుసార్లు వుజూలో కాళ్లు కడిగే మనకు ఇది కష్టమైన పనా? కడిగేటప్పుడు వేళ్ల మధ్య ఒక్క క్షణం చూస్తే చాలు, పుండు మొదట్లోనే దొరుకుతుంది.

మా తోటి ఇమాములకు, ఆలిములకు కూడా ఒక విన్నపం. ఎవరైనా మూలిక గురించి అడిగితే హదీసు చెప్పడానికి ముందు "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడగండి. మేము ఇప్పుడు అదే చేస్తున్నాం. ఆ పెద్దాయన మళ్లీ జుమాకు వస్తున్నారు, కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నారు. జేబులో మాత్రలు ఉంటాయి, చిన్న డబ్బాలో కలోంజీ కూడా ఉంటుంది. మమ్మల్ని చూసి నవ్వుతారు. మేము తల దించుకుని సలాం చెబుతాం.

అల్లాహ్ మన రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! తెలియని విషయాన్ని అడిగి తెలుసుకునే వినయాన్ని, తెలిసినదాన్ని బాధ్యతతో చెప్పే భయభక్తుల్ని మనకు ఇచ్చుగాక! ఈ శరీరమనే అమానతును కాపాడి, ఆయన సన్నిధికి చేరే భాగ్యాన్ని కలిగించుగాక! ఆమీన్.