తీర్చేవాళ్ళు బాగుంటేనే బాకీ తీరేది

అమ్మాయ్, వచ్చే సంక్రాంతికల్లా అప్పులన్నీ తీర్చేసి ఒడ్డున పడతానన్నావట. అందుకోసం పిల్లల పాలు సగం చేశావని, రాత్రి పదకొండు దాకా కండెలు చుడుతున్నావని, బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నావని మీ అత్తయ్య చెప్పింది. నీ పట్టుదలకు సంతోషమే. పద్ధతే నాకు నచ్చలేదు. సొసైటీలో గుమాస్తాగా మన ఈపురుపాలెం, జాండ్రపేట, వేటపాలెం నేతగాళ్ళ పద్దులు రాసి రాసి తల నెరిసినవాణ్ణి. గబగబా తీర్చెయ్యాలని ఒళ్ళు గుల్ల చేసుకుని, ఆ ఒంటిని బాగుచేసుకోవడానికి మళ్ళీ అప్పు చేసినవాళ్ళను చాలామందిని చూశాను. నువ్వు ఆ దారిన పోకూడదనే ఈ నాలుగు మాటలు.

ముందు అల్లుడూ నువ్వూ ఒక పూట తీరిగ్గా కూర్చోండి. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, ఏ తారీఖుకు కట్టాలి అన్నీ రాయండి. అల్లుడికి తెలియకుండా నువ్వు పక్కింటావిడ దగ్గర తెచ్చిన ఐదువేలూ రాయి. నీకు చెప్పకుండా అతను మాస్టర్ వీవర్ దగ్గర అదనంగా తీసుకున్న అడ్వాన్సూ రాయించు. ఆ పూట కాస్త మాటా మాటా వస్తుంది, రానీ. దాచిన అప్పు ఎప్పుడో ఒకప్పుడు నలుగురి ముందు బయటపడుతుంది. అప్పుడు పోయే పరువుతో పోలిస్తే ఈ పోట్లాట ఎంత?

రాశాక మొత్తం ఎంతని చూసి బెంబేలు పడకు. వడ్డీ గడి చూడు. నీకు అర్థం కావడానికి ఒక లెక్క చెబుతాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చావనుకో. నెలకు 1,800 వడ్డీ. నెలనెలా ఆ 1,800 తప్పకుండా కడుతున్నా పదేళ్ళకైనా అసలు 60,000 అలాగే ఉంటుంది. అదే అప్పును బంగారం మీద బ్యాంకులో రూపాయి వడ్డీకి, ఇంకా తక్కువకు దొరికితే మరీ మంచిది, మార్చుకున్నావనుకో. మొదటి నెల వడ్డీ 600 పోగా 1,200 అసలుకు జమ అవుతుంది. అదే 1,800 కడుతూ పోతే మూడున్నరేళ్ళ లోపు బాకీ మొత్తం తీరిపోతుంది. ఇంకో 500 కలిపి కట్టగలిగితే రెండున్నరేళ్ళకు కాస్త అటూఇటూగా అయిపోతుంది. చేతి నుంచి పోయే డబ్బు దాదాపు ఒకటే. ఒకచోట జీవితాంతం కడతావు, ఇంకోచోట బయటపడతావు.

మీ అమ్మ పెట్టిన నానుతాడు తాకట్టు పెట్టడానికి నీకు మనసొప్పదని నాకు తెలుసు. అమ్మమనడం లేదు తల్లీ. మూడు రూపాయల వడ్డీని ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి దాన్ని కొన్నాళ్ళు బ్యాంకులో ఉంచమంటున్నాను. అయితే ఒక్క షరతు. పాత నోటు చేతికి తెచ్చుకుని చించేశాక మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. అప్పు మార్చుకుని, ఖాళీ అయిన చోట మళ్ళీ తెచ్చేవాళ్ళకు రెండు అప్పులవుతాయి.

ఇక వరస. అధిక వడ్డీది మొదట. డ్వాక్రా కిస్తీ ఎప్పుడూ తప్పకు, అది సంఘంలో తోటి ఆడవాళ్ళ ముఖం చూడాల్సిన అప్పు. చీటీ పాడి ముందే ఎత్తుకుని ఉంటే, పాటలో వదులుకున్న సొమ్మే నీ వడ్డీ అని లెక్కేసుకో. మాస్టర్ వీవర్ అడ్వాన్సుకు వడ్డీ లేదు కాబట్టి చివర ఉండనీ. కానీ మరిచిపోకు. ఆ అడ్వాన్సు ఉన్నంతకాలం పక్కవాడు చీరకు ఎక్కువ మజూరీ ఇస్తానన్నా అల్లుడు కదలలేడు. అందుకని చీరకు ఇంత అని కొంచెం కొంచెంగా మజూరీలోంచి కోయించుకోమను.

వారం వారం వసూలు చేసే గ్రూపు లోను జోలికి కొత్తగా పోవద్దు. 2010లో మన రాష్ట్రంలో ఆ వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు పోయి, ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. ఇప్పటికే ఒకటి ఉంటే మాత్రం నీ హక్కు తెలుసుకుని ఉండు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం మైక్రో ఫైనాన్స్ అప్పుకు తాకట్టు అడగకూడదు. ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపినా నెల రాబడిలో సగం దాటేలా అప్పు ఇవ్వకూడదు. వసూలుకు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత రాకూడదు. ఎవరైనా చీకటి పడ్డాక వచ్చి అరుగు మీద కూర్చుంటే గొడవ పడకు, ఏడవకు. ఈ నిబంధన చెప్పి, రేపు పగలు రండి అని పంపించు.

నెలజీతం వాళ్ళకు చెప్పే బడ్జెట్లు మనకు పనికిరావు. మనకు చీర దిగితేనే డబ్బు. కుప్పడం చీరకు ఇద్దరు కూర్చుని అంచు అంచుకూ ముడేస్తూ నేస్తే, పడుగు ఎప్పుడు పూర్తవుతుందో మబ్బుల్ని, మార్కెట్నీ అడగాలి. కాబట్టి నెల లెక్క మానేసి చీర లెక్క పెట్టుకో. మజూరీ చేతికొచ్చిన రోజే మూడు డబ్బాల్లో వెయ్యి. ఇంటి ఖర్చు ఒకటి, అప్పు ఒకటి, ముసురు డబ్బా ఒకటి. ఎంతెంత అన్నది మీ ఇష్టం. ముసురు డబ్బాలో పది రూపాయలైనా పడకుండా మాత్రం పొద్దుగూకకూడదు.

ఆ మూడో డబ్బా ఎందుకో నీకు నేను చెప్పాలా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మగ్గం గుంటల్లో నీళ్ళు నిలిచాయి. గుంట ఆరాలి, పడుగు ఆరాలి, అప్పటిదాకా నాడె కదలదు. కడుపు మాత్రం ఆగదు. మూడు రూపాయల వడ్డీ అప్పులు చాలా ఇళ్ళలోకి వచ్చేది అలాంటి రోజుల్లోనే. సముద్రం పక్కన ఉండేవాళ్ళం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏదో ఒకటి వస్తుందనే అనుకోవాలి. అప్పు తీర్చడం ఒక నెల ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ డబ్బా నిండాలి.

దాంతోపాటు ఇంకో చిన్న పని. ఏటా మే నెలాఖరుకు మీ ఇద్దరి బ్యాంకు ఖాతాల్లో ఒక్కొక్కరికి 456 రూపాయలు ఉండేలా చూసుకోండి. 436 జీవన జ్యోతి బీమాకు, 20 ప్రమాద బీమాకు. ఒక్కోదానికీ రెండు లక్షలు. బ్యాంకులో సంతకం పెట్టి వస్తే ఏటా వాళ్ళే పట్టుకుంటారు. జరగరానిది జరిగితే అప్పు పిల్లల నెత్తిన పడకుండా ఉండటానికి ఇంతకంటే చౌకైన దారి నాకు తెలియదు.

ప్రభుత్వం నుంచి వచ్చేది వచ్చినప్పుడే లెక్క. నేతన్న నేస్తం పేరుతో 2019 డిసెంబరు నుంచి సొంత మగ్గం ఉన్న ఇంటికి 24,000 చొప్పున ఐదు విడతలు వచ్చాయి. వచ్చినప్పుడు అసలుకు కట్టుకున్నవాళ్ళు బాగుపడ్డారు. వస్తుందిలే అని ముందే ఖర్చు పెట్టినవాళ్ళు ఇంకా కడుతూనే ఉన్నారు. మీ అత్తగారికి నెలకు 4,000 పింఛను వస్తోంది కదా, దాన్ని మీ అప్పుల పుస్తకంలో రాయకు. అది ఆవిడ మందులకు, మనవడికి ఆవిడ చేత్తో కొనిపెట్టే జంతికలకు. ఇంట్లో పెద్దదానికి చేతిలో నాలుగు రూపాయలు ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

ఇప్పుడు నీ సంగతి. కండెలు చుట్టడం, ఆసు పోయడం నీకు ఇంటిపనిలో భాగమైపోయింది. నువ్వు కండె చుట్టకపోతే అల్లుడి నాడెలోకి దారం ఎక్కడిది? అది కూలి ఇచ్చి చేయించుకునే పని. ఆ కూలి ఎంతవుతుందో పుస్తకంలో నీ పేరున రాయి. అప్పు తీర్చేవాళ్ళలో నువ్వూ ఉన్నావని ఇంట్లో అందరికీ, ముందు నీకు, తెలుస్తుంది. రాట్నం ముందు గొంతుకూర్చుని కూర్చుని మోకాలు పట్టేస్తోందన్నావు. కింద పీట వేసుకో. గంటకోసారి లేచి వాకిట్లో నాలుగడుగులు వెయ్యి. రాత్రి తొమ్మిదికి రాట్నం ఆపు. తెల్లారి వెలుతురులో గంటలో అయ్యే పని రాత్రి దీపం కింద రెండు గంటలు పడుతుంది, దారమూ ఎక్కువ తెగుతుంది.

మాత్రలు, పిల్లల పాలు, బడి. ఈ మూడింట్లో అప్పు కోసం ఒక్క పైసా కొయ్యకు. మాత్ర ఖర్చు రోజుకు కొద్ది రూపాయలు. అది మానేసి పక్షవాతం తెచ్చుకుంటే ఆగేది నీ చెయ్యొక్కటే కాదు, మగ్గమూ ఆగుతుంది. పెద్దాణ్ణి బడి మాన్పించి కండెలకు కూర్చోబెట్టే ఆలోచన కలలోకి కూడా రానివ్వకు. ఆదివారం వాణ్ణి వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్ళు. 1918 నుంచి ఉన్న లైబ్రరీ అది, కూర్చుని చదువుకుంటే ఎవరూ డబ్బు అడగరు. ఇంకో వారం అందరూ వాడరేవు వెళ్ళి పొద్దుగూకేదాకా ఇసుకలో కూర్చోండి. ఆటో డబ్బులు, మొక్కజొన్న పొత్తులు, అంతేగా ఖర్చు. ఆ మాత్రం సరదా లేని ఇంట్లో పిల్లలకు అమ్మా నాన్నల ముఖాల్లో అప్పే కనిపిస్తుంది.

మరి కొయ్యాల్సింది ఎక్కడ? పేరంటాల్లో. ఓణీల ఫంక్షన్‌కు టెంటు, డీజే, వెయ్యిమందికి భోజనాలు, వచ్చిన ఆడపడుచులందరికీ చీరలు. వాళ్ళు పెట్టారు కాబట్టి మనమూ పెట్టాలంటావు. 1921లో మన చీరాల పేరాల జనం, మునిసిపాలిటీ పన్ను మోయలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళు వదిలి రామ్‌నగర్ పాకల్లో దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. తెల్లదొరల సర్కారుకే కట్టం అన్న ఊళ్ళ మధ్య పుట్టినదానివి, చుట్టాలకు ఈసారి మావల్ల కాదు అని చెప్పలేవా? అప్పుడు జనం నిలబడగలిగింది అందరూ ఒక్కమాట మీద ఉండబట్టే. మీ ఇంట్లోనూ నువ్వొక మాట, అల్లుడొక మాట చెప్పకండి. ఇద్దరూ కలిసి కాదంటే చుట్టాలు రెండు రోజులు మూతి ముడుచుకుంటారు, మూడో రోజు వాళ్ళే వస్తారు.

మా నాన్న ఎంత పని ఒత్తిడి ఉన్నా అమావాస్య నాడు నాడె ముట్టేవాడు కాదు. మీరూ ఆ రోజు మగ్గం ఆపి, తలంటుకుని, తిని, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, ఆ తర్వాత పుస్తకం తెరవండి. నెలలో ఏది తగ్గింది, ఏది పెరిగింది చూసుకుని మూసెయ్యండి. మిగతా రోజుల్లో రాత్రిపూట మంచం మీద అప్పుల మాట ఎత్తకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకోండి. తలుచుకున్నంత మాత్రాన వడ్డీ తగ్గదు, నిద్ర మాత్రం పోతుంది.

సంక్రాంతికి కాకపోతే పై సంక్రాంతికి తీరుతుంది, అదీ కాకపోతే ఆ పైదానికి. వచ్చే అమావాస్య మర్నాడు నేను వస్తాను, పుస్తకం తీసి ఉంచు. వచ్చీరాగానే అసలు ఎంత తగ్గిందని అడగను. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా, మోకాలు డాక్టరుకు చూపించుకున్నావా అని అడుగుతాను. వాటికి సరైన జవాబు చెబితేనే లెక్క చూస్తాను.