వకాల్తా పుచ్చుకొనుట



"వానికి నీవేల వకాల్తా పుచ్చుకొందువు?" అను మాట మన యిండ్లలో వినబడని దినముండదు. తమ్ముని తప్పు కప్పబోయిన పిల్లవానిని తల్లి యిట్లే యడుగును. దళితవాడకు పోవు త్రోవను గూర్చి గ్రామసభలో నోరు విప్పినవానిని పెద్దలును ఇట్లే యడుగుదురు. ఒకరి పక్షము పూని నిలుచుటకు ఇంత చక్కని పలుకుబడి మన తెలుగున నుండగా, దానిని మనము వెక్కిరింపునకే మిగిల్చితిమి. నేను న్యాయవాదవృత్తిచే జీవించువాడను. వకాల్తా నా మేజామీద దినమును కనబడు కాగితము. నేడు దానిని గూర్చియే మీతో ముచ్చటింప నెంచితిని.

వకీలు, వకాల్తా అనునవి అరబ్బీ మూలమునుండి వచ్చిన మాటలు. ఆ మూలధాతువునకు నమ్మి యప్పగించుట యని యర్థము. కావున వకీలనగా వాక్చతురుడు కాడు. ఒకడు తన పనిని నమ్మి యెవని చేతిలో బెట్టెనో వాడు వకీలు. ఈ మాటలు పారసీకము ద్వారా సుల్తానుల, నవాబుల కచేరీల వెంట మనకు వచ్చినవి. 1801 లో కుంపిణీవారికి దక్కువఱకు మన పలనాడు ఆర్కాటు నవాబు ఏలుబడిలోనిదే గదా! ఆ కొలువులలో ఒక ప్రభువు తరపున మఱియొక ప్రభువునొద్ద నిలిచి మాటాడు రాయబారికి వకీలని పేరు. మాట రాకమున్నే ఆ పనికి ప్రాణమిచ్చినవాడు మన సీమలో గలడు. మలిదేవాదుల పక్షమున గురజాలకు రాయబారిగా బోయిన అలరాజు విషప్రయోగమున మడిసెనని పల్నాటి వీరగాథ చెప్పును. కారెంపూడి వీరారాధనలో నేటికిని ఒక దినమునకు రాయబారమనియే పేరు.

ఆంగ్లేయుల 'అడ్వొకేటు' అను మాటకు లాటిను మూలమున 'పిలువబడినవాడు' అని యర్థము. ఈ రెండు మాటలును వేర్వేరు దేశములలో బుట్టియు నొక్క సంగతినే చెప్పుచున్నవి: ముందు పిలుపు, పిమ్మట పలుకు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు మూడవ ఆర్డరు నాలుగవ రూలు సయితము, కక్షిదారు చేవ్రాలుగల పత్రము లేనిదే యెవ్వడును అతని తరపున వ్యవహరింపరాదని శాసించుచున్నది. మన తెలుగువారు క్రియాపదము నేర్చుటలో మఱింత సూక్ష్మము చూపిరి. వకాల్తా 'లాగుకొనుట' యనలేదు, 'పుచ్చుకొనుట' యనిరి. ఇచ్చువాడు లేక పుచ్చుకొనుట యెట్లు?

ముసల్మాను సోదరులు భగవంతునకు జెప్పు తొంబదితొమ్మిది నామములలో 'అల్ వకీల్' ఒకటి. భారమెల్ల ఆయనపై వైచి నిశ్చింతగ నుండుటకు అదే ధాతువునుండి పుట్టిన 'తవక్కుల్' అను మాట గలదు. చేవ్రాలు చేయ నేరనివాని వకాల్తా సయితము పరమేశ్వరుడు పుచ్చుకొనును. ఏలయన, వాడు నోరు తెఱవకయే వాని మనసాయనకు దెలియును. మనకో, తెలియదు. సంస్కర్తలమగు మనము తఱచుగా మఱచునది యీ భేదమునే.

అట్లయిన, అడుగలేనివారి సంగతి యేమని మీరడుగవచ్చును. రాజా రామమోహనరాయలు 1830 లో ఇంగ్లండునకు బయలుదేఱినది ఢిల్లీ పాదుషా రెండవ అక్బరు తరపున, ఆయన భరణమును గూర్చి విన్నవించుటకు. అనగా పాత యర్థమున వకీలుగనే. ఆ ప్రయాణముననే ఆయన మఱియొక పక్షమును వహించెను. 1829 నాటి సహగమన నిషేధమును రద్దుపఱచుమని ఛాందసులు ప్రీవీ కౌన్సిలునకు జెప్పుకొన్న అప్పీలునకు ప్రతిగా పాటుపడెను. 1832 లో ఆ అప్పీలు కొట్టివేయబడెను. పాదుషా పత్రమిచ్చెను. చితిమీది వితంతువు ఏ పత్రమియ్యగలదు? మంటల నడుమ నున్నవారి కొఱకు అనుమతి లేకయే పరుగిడవలెను, నిజమే. కాని మనము వకాల్తా పుచ్చుకొన్న వారందఱును మంటల నడుమనే యున్నారా? మన గుమ్మమున కూర్చుండి, మనము వ్రాసిన యర్జీని మనమే చదువుకొనుట చూచువారు ఎందఱో కలరు.

పలనాటి సంగతియే చూడుడు. 1921 లో పుల్లరి బాధల నాటి పలనాటి స్థితిగతులు విచారించుటకు కాంగ్రెసువారు పంపగా ఉన్నవ లక్ష్మీనారాయణగారు వచ్చిరి. ఆయన బారిష్టరు. విచారించుట యనగా అడిగి తెలిసికొనుట. ఆ పనికై వచ్చినందుననే చెఱసాలకు బోయిరి. 'మాలపల్లి' నవల చెఱసాలలోనే వ్రాసిరి. రైతు అను మాటయు అరబ్బీనుండి వచ్చినదే. మూలమున దానికి కాపరి మేపు మంద యని యర్థమట! పశువుల మేతకు పన్ను చెల్లింపమని యెదురు నిలిచి, 1922 లో పోలీసు తుపాకులకు నేలకొఱగిన మించాలపాటి కన్నెగంటి హనుమంతు రైతే. ఆయన యెవరికిని వకాల్తా యియ్యలేదు, తన నోటితోనే మాటాడెను.

ఇక నా తప్పు చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట నరసరావుపేటలో నొక సభయందు వితంతువుల ఆస్తిహక్కును గూర్చి యుపన్యసించుచు, గురజాల దాపున నొక పల్లెలోని వృద్ధవితంతువు కథ చెప్పితిని. పేరు చెప్పలేదు గాని ఊరివారికి తెలియనిది కాదు. సభికులు కన్నీరు పెట్టిరి. నాకును గర్వము గలిగెను. వారము తిరుగకమున్నే ఆమె మఱది, తనపై వ్యాజ్యము రానున్నదని యెంచి, ఆమె సాగుచేసికొను రెండెకరముల మిరపచేనికి కంచె వేయించెను. ఆమె బస్సెక్కి నా కార్యాలయమునకు వచ్చి నిలుచుండియే యడిగెను: "అయ్యా, నా తరపున సభలో మాట్లాడినారంట. నేను మీకు కాగితం రాసిచ్చానా?"

నాయొద్ద జవాబు లేదు. కూర్చుండుమంటిని. అప్పుడామె చెప్పిన కథ నేను సభలో జెప్పిన కథ కాదు. ఆమెకు మఱదితో పగ లేదు, చేను దున్నిపెట్టువాడతడే. ఆమె కోరినది భాగము కాదు, తన పేర పట్టాపుస్తకము, ఏటేట పంటలో తన పాలు. అది మాటలతో తెగదగిన తగవు. నా కన్నీటి యుపన్యాసము దానిని వ్యాజ్యము చేసెను.

వకాల్తానామా ముందుంచితిని. చదివి వినిపింపుమనెను. వకీలు చేయు పనులన్నియు తాను చేసినట్లే యెంచబడునను పంక్తి రాగానే "అన్నీనా?" అని ఆపెను. నేను వేఱొక తెల్లకాగితముపై ఆమె కోరికలను ఆమె మాటలలోనే వ్రాసి, రాజీ మొదట, దావా పిమ్మట అని చేర్చి, రెండుమారులు చదివి వినిపించితిని. అప్పుడు వ్రేలిముద్ర వేసెను. సిరా యంటిన బొటనవ్రేలిని కొంగుతో దుడుచుకొనుచు, "మా మరిదిని ఎప్పుడు పిలిపిస్తారు?" అని యడిగెను.