కడబంతి

మా అక్క ఎక్కిన విమానం ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఆలస్యంగా లేచిందని తెలిసేసరికి నేనూ మా మేనల్లుడూ డెట్రాయిట్ ఎయిర్‌పోర్టుకు చేరిపోయాం. మెక్‌నమారా టెర్మినల్ ఎదుట పార్కింగ్ డెక్కులో కారు పెట్టేశాం కూడా. ఊరికే ఎక్కించుకుని పోయే పనైతే సెల్‌ఫోన్ లాట్‌లో డబ్బు కట్టకుండా ఆగొచ్చు. అక్కకు మోకాళ్ళ నొప్పులు, వీల్‌చెయిర్ చెప్పాం, లోపలికి వెళ్ళి తెచ్చుకోవాలి. జనవరి చలికి కారు అద్దాలకు లోపల ఆవిరి పట్టింది. మేనల్లుడు గేటు దగ్గర తీసుకున్న టికెట్‌ను స్టీరింగ్ మీద పెట్టి వేలితో కొడుతున్నాడు.

"ఇక్కడ ఊరికే కూర్చున్న ప్రతి గంటకీ కప్పం కడుతున్నాం మామయ్యా," అన్నాడు. "పార్కింగ్ మీద పన్ను నూటికి ఇరవై ఏడు. మిషిగన్‌లో సేల్స్ టాక్సే ఆరు శాతం. కారు నిలబెట్టుకున్న పాపానికి ఇరవై ఏడా? లాన్సింగ్‌లో కూర్చున్న శాసనసభ్యులు దీన్ని సగానికి తగ్గిస్తే వాళ్ళకొచ్చే నష్టమేంటి?"

వాడు నోవైలో ఉంటాడు. ఉద్యోగరీత్యా సోమవారం పొద్దున విమానమెక్కి గురువారం రాత్రి దిగుతాడు. ఎయిర్‌పోర్టు బయట ప్రైవేటు లాట్‌లో కారు పెడతాడు. ఆ లాట్లకూ ఈ పన్ను ఉంది. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి ఐదు మైళ్ళ లోపు డబ్బు తీసుకుని కార్లు నిలుపుకునే ప్రతి చోటూ చట్టం కిందికే వస్తుంది. కాబట్టి వాడి బాధ వాడికి నిజమే. ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, దాచుకుని మాట్లాడటం నాకు చేతకాదు. ఈ పన్ను తగ్గించకూడదు. 2002లో తగ్గించడమే తప్పు.

"2002లో తగ్గించారా?" అన్నాడు వాడు.

"1987లో చట్టం చేసినప్పుడు ముప్ఫై శాతం. 2002లో ఇరవై ఏడు చేశారు. లాట్‌వాడి రేటు రోజుకు ఇరవై డాలర్లనుకో. పన్ను ఆరు డాలర్లు ఉన్నది ఐదు డాలర్ల నలభై సెంట్లయింది. ఆ అరవై సెంట్లు ఎవరి జేబులో మిగిలాయో చెప్పు."

"కట్టేవాడి జేబులో."

"లాట్‌వాడు రేటు అరవై సెంట్లు పెంచితే?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. నిజానికి ఇక్కడ వాడు ఇంకొంత నిలబడొచ్చు. నాలుగు లాట్లు పక్కపక్కనే ఉన్నప్పుడు ఒకడు రేటు పెంచితే కారు పక్కవాడి దగ్గరికి పోతుంది. కానీ వాడు దాన్ని పట్టుకోలేదు, నేనూ గుర్తు చేయలేదు. అసలు గొడవ అది కాదు.

"సరే, పైసల సంగతి వదిలేయండి," అన్నాడు. "నాకు మింగుడుపడనిది వేరే. ఈ డబ్బులో ఎక్కువ భాగం వేన్ కౌంటీలో బీదవాళ్ళ వైద్యానికి పోతుందని విన్నాను. పోనివ్వండి, మంచిదే. కానీ కారు పార్కింగుకూ బీదవాడి జబ్బుకూ ఏం సంబంధం? రోడ్డు పన్నుతో రోడ్డు వేస్తే అర్థముంది. పార్కింగ్ పన్నుతో రన్‌వే బాగుచేస్తే అర్థముంది. ఎవరి దగ్గరో తీసి ఎవరికో ఇవ్వడం ఏం న్యాయం?"

ఇదీ అసలు ప్రశ్న. ఈ పన్నును తగ్గించాలనేవాళ్ళ చేతిలో ఇంతకంటే పదునైన మాట మరొకటి లేదు. అందుకే దీని దగ్గర ఆగాను.

"నువ్వు ఉండేది ఏ కౌంటీరా?"

"ఓక్లండ్."

"నేనుండే కాంటన్ వేన్ కౌంటీ. నా ఇంటి పన్నులో వేన్ కౌంటీకి వాటా ఉంది, నీ ఇంటి పన్నులో లేదు. ఈ ఎయిర్‌పోర్టు 1930లో తెరిచారు. అది పెట్టిందీ పెంచిందీ వేన్ కౌంటీయే. 2002లో ఎయిర్‌పోర్టు అథారిటీ వచ్చేదాకా నడిపిందీ కౌంటీయే. ఈ టెర్మినల్‌కు పేరు పెట్టిన మెక్‌నమారా ఎవరనుకున్నావు? పదహారేళ్ళు కౌంటీకి ఎగ్జిక్యూటివ్‌గా చేసినాయన. ఆయన మొదటి ఏడాదే ఈ పన్నూ వచ్చింది. ఊరంతా చందాలేసుకుని బావి తవ్వితే పక్కూరివాళ్ళు నీళ్ళు తోడుకుపోయినట్టు, నోవై నుంచీ ట్రాయ్ నుంచీ ఆన్ ఆర్బర్ నుంచీ వచ్చి విమానాలెక్కి పోతుంటారు. కౌంటీ మోసే బరువులో మీ చేయి కూడా పడేది ఈ గేటు దగ్గర ఒక్కచోటే."

"బరువంటే?"

"మిషిగన్ అవెన్యూ మీద ఎలోయిస్ చూశావా?"

చూడలేదన్నాడు. దయ్యాల కొంపగా నడుపుతున్నారట, ఆఫీసులో పిల్లలు టికెట్లు కొనుక్కుని వెళ్ళొచ్చారు అన్నాడు.

నాకు మనసు చివుక్కుమంది. ఆ చోటు కథ వాడికి చెప్పాను. 1830లలో అనాథలకూ బీదలకూ కౌంటీ ఆశ్రయంగా మొదలైన చోటు అది. తర్వాత పిచ్చాసుపత్రి, క్షయ ఆసుపత్రి, జనరల్ ఆసుపత్రి అన్నీ అక్కడే వెలిశాయి. తొమ్మిది వందల ఎకరాలు, డెబ్భైకి పైగా కట్టడాలు. 1930ల ఆర్థిక మాంద్యపు రోజుల్లో పది వేల మంది తలదాచుకున్న ఊరు. దిక్కులేక పోయినవాళ్ళను రోడ్డవతల పాతిపెట్టారు. అలాంటి సమాధులు ఏడు వేలకు పైనే. వాటిమీద పేర్లుండవు, రాతి మీద అంకెలు మాత్రం ఉంటాయి. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక శరత్కాలపు సాయంత్రం అక్కడ నడిచాను. గడ్డిలో సగం దిగబడిపోయిన రాయి ఒకటి కాలికి తగిలింది. ఆకులు తీసి చూస్తే నాలుగంకెల సంఖ్య. ఆ సంఖ్య కింద ఉన్నది ఆడో మగో కూడా తెలియదు.

"ఆ ఆసుపత్రి 1980లలో మూతపడింది. తలుపులు మూస్తే జబ్బులు మూతపడవు కదా. బీదవాళ్ళ వైద్యం ఖర్చు కౌంటీ నెత్తిమీదే ఉంది. 1987లో ఈ పన్ను పెట్టి, వచ్చిన డబ్బు అటు మళ్ళించారు. నువ్వు సంబంధం అడిగావు. ఆస్తి కౌంటీది, బరువూ కౌంటీది. ఒకే ఇంటి రాబడి, ఒకే ఇంటి ఖర్చు."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది నాకు తట్టలేదు మామయ్యా," అన్నాడు.

అప్పుడు మా ఊరి సంత గుర్తొచ్చి వాడికి చెప్పాను. శనివారం సంత. పంచాయతీవాళ్ళు ఏటా ఆశీలు పాట పెట్టేవాళ్ళు. పాట పాడుకున్నవాడి మనిషి చెవి వెనక పెన్సిలు పెట్టుకుని గంపకింత, బండికింత, పశువుకింత అని చీటీలు చింపి ఇచ్చేవాడు. పొరుగూళ్ళ నుంచి మిరపకాయల బస్తాలు తెచ్చేవాళ్ళతో వారం వారం గొడవే. మీ ఊరి చెరువుకు కంచె వేసుకోవడానికి మా బస్తా మీద ఆశీలేంటని. మా నాన్న అరుగు మీంచి వినేవాడు. ఆదివారం పొద్దున సంత మైదానం చూస్తే పేడ, కుళ్ళిన టమాటాలు, అరటి తొక్కలు. ఊడ్చేది మా ఊరివాళ్ళే. అదే సంతలో మా అక్క, అంటే వీడి తల్లి, పావలా పెట్టి ఎర్ర రిబ్బను కొనుక్కుని, నాన్న అడిగితే సగానికే వచ్చిందని చెప్పింది. మిగతా సగం నేనిచ్చానని ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

"అమ్మ అబద్ధమాడిందా?" అని వాడు పగలబడి నవ్వాడు. కాసేపు ఆ ముచ్చట్లే సాగాయి. విమానం ఇంకా గాల్లోనే ఉందని వాడి ఫోను చూపించింది.

"సంత చెత్త ఊడ్చేది రొమ్యులస్," అన్నాను మళ్ళీ దారిలోకొచ్చి. "ఈ ఎయిర్‌పోర్టు ఉన్న ఊరు. తలమీద విమానాల రొద, నేలమీద ఆస్తి పన్ను రాని వేల ఎకరాలు. అందుకే ఈ పన్నులోంచి ఆ ఊరికి ఏటా 15 లక్షల డాలర్లు. దాన్ని నేను కాదనను."

"మరి మీకు ఎక్కడ బాధ?"

"వడ్డన వరసలో."

వాడికి అర్థం కాలేదు. చెప్పాను. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాశ్రయాల భద్రతకు డబ్బు కావలసొచ్చింది. టెర్మినల్‌కు మూడు వందల అడుగుల లోపు కార్లు నిలపనివ్వని రోజులవి. మరుసటేడు చట్టం మార్చారు. శాతం కోశారు. అదే చేత్తో పంపకమూ మార్చారు. ముందుగా 60 లక్షల డాలర్లు రాష్ట్ర ఏరోనాటిక్స్ నిధికి. ఆ నిధి రాష్ట్రంలో ఉన్న అన్ని విమానాశ్రయాలదీ. తర్వాత రొమ్యులస్‌కు 15 లక్షలు. ఆ రెండూ పోగా మిగిలింది వేన్ కౌంటీ బీదల వైద్యానికి.

"లెక్క కోసం వసూలు 200 లక్షలనుకో. ముందు ఇద్దరికీ 75 పోతే బీదలకు 125 మిగిలింది. శాసనసభ పన్నును పదో వంతు తగ్గించిందనుకో. 20 లక్షలు తగ్గాయి. ఎవరి వాటా తగ్గింది?"

"అందరిదీ కొంచెం..." అని ఆగి, "కాదు. చివరివాడిదే మొత్తం," అన్నాడు.

"2020లో కోవిడ్ వచ్చింది. ఈ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులు సగానికి పైగా పడిపోయారు. ఇందాకటి లెక్కలోనే వసూలు సగమైందనుకో. 100లో ముందు 75 పోతే మిగిలేది 25. వసూలు సగమైతే బీదవాడి వాటా ఐదో వంతయింది. అదీ ఆసుపత్రి అవసరం ఎప్పుడూ లేనంత ఉన్న ఏడాది. మన పెళ్ళిళ్ళలో మొదటి బంతికి గారెలు రెండేసి వేస్తారు. కడబంతిలో కూర్చున్నవాళ్ళకు విస్తరి వేశాక కదా బుట్టలో చూసేది. చుట్టాల్లో ఎవరో ఒకరు కడబంతిలో కూర్చోక తప్పదు, నిజమే. కానీ కూర్చోబెట్టాల్సింది ఆకలి ఓర్చుకోగలిగినవాణ్ణి. రన్‌వే తారు ఒక ఏడాది ఆగుతుంది. ఇన్సులిన్ ఆగదు."

"అయినా మామయ్యా, 2014 ఏప్రిల్ నుంచి హెల్దీ మిషిగన్ ప్లాన్ ఉంది కదా. బీదరికపు గీతకు 138 శాతం దాకా ఆదాయమున్నవాళ్ళందరికీ మెడికెయిడ్. ఇప్పుడింక కౌంటీకి అంత డబ్బెందుకు?"

"అర్జీ పెట్టుకోలేనివాళ్ళూ, కాగితాలు లేనివాళ్ళూ, ఆదాయం ఆ గీతకు ఒక్క డాలరు పైనున్నవాళ్ళూ లేరనుకుంటున్నావా? ఒకవేళ అవసరం తగ్గిందనే అనుకో, పంచేది మార్చు. రొమ్యులస్‌కు ఇంకొంత ఇయ్యి. ఊళ్ళోంచి ఎయిర్‌పోర్టుకు పనికి వచ్చే స్వీపరుకు బస్సు వెయ్యి. కోయడం వేరు, పంచడం వేరు. రెండింటినీ ఒకే బిల్లులో కలిపి కట్టినప్పుడే నాకు అనుమానం. సభలో 110 మంది, సెనేట్‌లో 38 మంది. వాళ్ళలో ఎక్కువమందికి ఈ గేటు దగ్గర డబ్బు కట్టే ఓటరూ తక్కువే, డెట్రాయిట్‌లో మందుల కోసం వరసలో నిలబడే ఓటరూ తక్కువే. తమ జిల్లాలో చిన్న ఎయిర్‌పోర్టు మాత్రం ఉంటుంది."

కార్లు మానేసి ఉబర్లలో వస్తే ఈ పన్నే ఎండిపోతుందన్నాడు. ఎండినప్పుడు చూద్దామన్నాను. శాతం మరీ ఎక్కువన్నాడు. నీ పార్కింగ్ బిల్లు మీ కంపెనీయే ఇస్తుంది కదరా అన్నాను. దానికి వాడు చేతులెత్తేశాడు.

ఒక సంగతి నాకు ఎప్పట్నుంచో తోస్తుంది. కట్టేవాడి చేతిలో రసీదుంటుంది. అందులో పన్ను కనిపిస్తుంది. కోపం వస్తే ఆ కాగితం పట్టుకుని శాసనసభ్యుడికి ఫోన్ చేయొచ్చు. ఆ డబ్బుతో కాలి పుండుకు కట్టు కట్టించుకున్న మనిషికి ఏ రసీదూ లేదు. తన వైద్యం ఎవరి పార్కింగ్ సొమ్ముతో జరిగిందో అతనికి తెలియదు. బిల్లు మీద సభలో చర్చ జరిగే రోజున లాట్ల యజమానులు వచ్చి కూర్చుంటారు, విమానాశ్రయం వాళ్ళు వస్తారు. అతను రాడు. ఆ రోజు చర్చ ఉందనే అతనికి తెలియదు.

ఈ మాట అంటుండగానే వాడి ఫోన్ మోగింది. విమానం దిగింది.

అక్క వీల్‌చెయిర్‌లో శాలువా కప్పుకుని వచ్చింది. ఒళ్ళో సంచి, సంచిలో ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు. కొడుకును చూడగానే మొదటి మాట: "ఇక్కడ మందులు కొనక్కర్లేదురా, అన్నీ తెచ్చుకున్నా." వాడు తల్లికి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాడు. పాత జబ్బులకు అది పనికిరాదు. వాడు నా వంక చూశాడు, ఏమీ అనలేదు.

బయటికి పోయే గేటు దగ్గర మిషన్‌లో కార్డు పెట్టాడు. రసీదు వచ్చింది. ఎప్పుడూ అక్కడే పారేసేవాడు, ఈసారి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను హైవే ఎక్కొద్దు, మెరిమన్ రోడ్డు మీద పోనివ్వమన్నాను. మిషిగన్ అవెన్యూ రాగానే కాంటన్ వైపు తిరగకుండా కుడివైపుకు తిప్పించాను. మంచు మధ్య పొడుగాటి ఎర్ర ఇటుకల మేడ నిలబడి ఉంది. దానికి రోడ్డవతల చదునైన తెల్లటి నేల.

"ఇదేం బంగళారా?" అంది అక్క అద్దం తుడుచుకుని.

"ఇక్కడ పెద్దాసుపత్రి ఉండేదమ్మా, బీదవాళ్ళకి. మూసేశారు," అన్నాడు వాడు.

"మరి వాళ్ళంతా ఎటు పోయార్రా?"

"ఇంటికెళ్ళాక చెప్తానమ్మా," అని వాడు కారు వెనక్కి తిప్పాడు.