చీర మీదికి ఎక్కని వార్త

సేఠ్ ఆ చీరను దుకాణంలో తెల్ల పరుపు మీద పరిచినప్పుడు నేను బిల్లులు రాస్తున్నాను. 2022 ఫిబ్రవరి. కొంగు నిండా అల్లు అర్జున్. గడ్డం కింద చెయ్యి అడ్డంగా లాగుతూ ఒకడు, ఒక భుజం పైకెత్తి ఇంకొకడు. కుచ్చిళ్లు పోసే చోట కూడా అతని మొహమే, వరసగా ఆరు. కట్టుకున్నావిడ కుచ్చిళ్లు మడిచిందంటే హీరో ముక్కు ఒక మడతలోకి, మీసం ఇంకో మడతలోకి పోతాయి. ఆ మాటే సేఠ్‌తో అన్నాను. "అరే మెహతాజీ, ఇది మీ ఆంధ్రా సినిమా. నువ్వే వంక పెడితే ఎట్లా?" అన్నాడు.

మెహతాజీ అంటే ఇక్కడ గుమాస్తా. మాది పరకాల దగ్గర పల్లె. ఆంధ్రా కాదు, తెలంగాణ అని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. తపతి నదికి ఇవతల ఆ తేడా ఎవరికీ పట్టదు. 1991లో వరంగల్‌లో నవజీవన్ ఎక్కి సూరత్‌లో దిగాను. లింబాయత్‌లో మా చిన్నాయన ఉండేవాడు. మేం పద్మశాలీలం, మగ్గం తప్ప వేరే పని తెలియనివాళ్లం. ఊళ్లో మగ్గం చచ్చిపోయింది, ఇక్కడ మరమగ్గం బతికి ఉంది. అంతే కథ. రెండేళ్లు ఆయనతో పాటు లూమ్ ఖాతాలో పన్నెండు గంటల పాళీ చేశాను. ఆ చప్పుడుకి ఎడమ చెవి కొంత పోయింది. పదో తరగతి పాసై ఉండటం వల్ల లెక్కల్లోకి వచ్చి బతికిపోయాను.

ఆ పుష్ప చీర ముందు మా దుకాణం ఆలోచన కాదు. ఈ ఊళ్లోనే ఇంకో వ్యాపారి వేశాడు, టీవీల్లో వచ్చింది, తనకి ఆర్డర్లు వెల్లువెత్తాయని ఆయనే చెప్పాడు. అబద్ధమని నేననను. మా సేఠ్‌కి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే రెండు వందల చీరలు వేయించాడు. ఇప్పుడది పెద్ద పని కాదు. వెనకటిలా ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీను చేయించనక్కర్లేదు. కంప్యూటర్లో బొమ్మ ఉంటే చాలు, డిజిటల్ ప్రింటు మిషను సాయంత్రానికల్లా పాలియెస్టర్ మీదికి దించేస్తుంది. ఐదున్నర మీటర్ల చీర, ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్క, వాటి మీద మన అభిమానం.

నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే అనిపించింది. నేనొచ్చిన కొత్తలో మమ్మల్ని మద్రాసీలనేవాళ్లు. బాహుబలి రెండో భాగం వచ్చిన 2017 నుంచి చూపు మారింది. పుష్ప హిందీలో ఆడాక సేఠ్ కొడుకు నన్ను చూసినప్పుడల్లా గడ్డం కింద చెయ్యి లాగేవాడు. లింబాయత్ టీ కొట్టులో గుజరాతీ పిల్లలు కూడా అదే. ఇంటికొచ్చి కూర్చున్నాక ఆ గర్వం మీద నాకే అనుమానం వచ్చింది. దశాబ్దాలుగా మావాళ్లు ఈ ఊరికి గుడ్డ నేశారు. వాళ్ల ఊరు ఏదని అడిగినవాడు లేడు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగిలించిన కూలీ కథ ఒకటి తెర మీదికి వస్తే గాని మాకొక చిరునామా రాలేదు. సినిమా బాగుంది, కాదనను. మూడు గంటలు కదలకుండా చూశాను. కానీ తెర మీద కూలీ కాలు మీద కాలేసుకుంటే ఈలలేసే మనం, బయట కూలీ కూలి పెంచమంటే కనుబొమలు ఎగరేస్తాం. నాక్కూడా ఆ రోగం ఉంది, మా దుకాణం ముందు హమాలీ అరగంట ఆలస్యమైతే అరిచేవాణ్ని నేనే.

విజయవాడ వస్త్రలతలో మాకొక పాత ఖాతాదారు ఉన్నారు. ఆయనకి ఫోన్లో ఫొటో పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ చేశారు.

"ఏవండీ, హీరో మొహం కట్టుకుని ఆడవాళ్లు పెళ్లికెళ్తారా, పేరంటానికెళ్తారా? నలుగురిలో కూర్చుంటే ఆయన మీద కూర్చున్నట్టుంటుంది. నూట పన్నెండో నంబరు పూల డిజైన్ ఉందే, అది వంద పంపండి."

వ్యాపారం మీద, ప్రకటనల మీద నేను విన్న విమర్శల్లో దీన్ని మించింది లేదు. ఆ రెండు వందల్లో కొన్ని రాజస్థాన్‌కి వెళ్లాయి, కొన్ని తిరిగొచ్చాయి. మిగిలినవాటిలో ఒకటి ఇప్పటికీ గోడౌన్‌లో బేళ్ల మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

ఇలాంటివి ఈ ఊళ్లో చాలా చూశాను. 2019 ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్ జరిగాయి. మార్చి వచ్చేసరికి యుద్ధవిమానాలూ సైనికులూ ఉన్న చీరలు బజార్లో ఉన్నాయి. అవి ఎన్నికల రోజులు కూడా, కాబట్టి మోదీ చీర ఒకపక్క, ప్రియాంక చీర ఒకపక్క. 2024 జనవరిలో అయోధ్య గుడి చీర. ప్రతిసారీ వరస ఒకటే. ముందు టీవీలో వార్త వస్తుంది. వ్యాపారి దాన్ని చీర మీద వేస్తాడు. చీర వేశాడని టీవీ మళ్లీ వార్త చేస్తుంది. మైకు పట్టుకున్న అమ్మాయి కొంగు పట్టుకుని చూపిస్తుంది, వెనక దుకాణం బోర్డు కనిపిస్తుంది. పైసా ఇవ్వకుండా దేశమంతా ప్రకటన. అమ్ముడుపోయేది ఆ చీర కాదు, ఆ బోర్డు. వెనకటి వ్యాపారులు దీనికి డబ్బు కట్టేవాళ్లు. నేను ఊళ్లో ఉన్నప్పుడు గార్డెన్ వరేలి ప్రకటనలు పత్రికల్లో నిండు పేజీ వచ్చేవి. మాటలు తక్కువ, బొమ్మ ఎక్కువ. అది సూరత్ మిల్లు అని మాకు తెలియదు. బయల్దేరేటప్పుడు మా అక్క "ఒక గార్డెన్ చీర తేరా తమ్మీ" అంది. ఇక్కడికొచ్చి చూస్తే చిన్నాయన గదిలో పదకొండు మందిమి పడుకునేవాళ్లం, తోట మాట దేవుడెరుగు. అయినా ఆ ప్రకటనకి ఒక మర్యాద ఉండేది. అది నన్ను కొనమంది గాని, కొనకపోతే దేశద్రోహివని అనలేదు.

జెండాల సంగతి వచ్చిందంటే మాత్రం నా మనసు రెండు రకాలుగా ఉంటుంది. 2021 డిసెంబరు 30న జెండా నియమావళి మార్చి, మిషను మీద చేసిన పాలియెస్టర్ జెండాలకు అనుమతిచ్చారు. తర్వాతి ఆగస్టు 13 నుంచి 15 దాకా ఇంటింటా జెండా. పోస్టాఫీసుల్లో ఇరవై అయిదు రూపాయలకి అమ్మారు. జూలైలో సూరత్‌లో చీరలు పక్కనపెట్టి జెండాలు వేసిన మిల్లులు చాలా ఉన్నాయి. మా సేఠ్ కూడా వేయించాడు. ఆ నెల మాకు నిండుగా పని దొరికింది, అబద్ధమాడి లాభం లేదు. కానీ 1921లో బెజవాడలో గాంధీ చేతికి నమూనా అందించినవాడు మన పింగళి వెంకయ్య. గాంధీ దానికి పెట్టుకున్న షరతు ఖద్దరు. ఆ ఖద్దరు వెనక ఉన్నది మా కులవృత్తి. వందేళ్లు తిరిగేసరికి ఆ జెండాను పద్మశాలి పిల్లలే పాలియెస్టర్‌లో మడతపెడుతున్నారు, వందకింత అని కూలి. ఇందులో ఎవర్ని తప్పుపట్టాలో నాకు తెలియలేదు. మా ఆవిడ మాత్రం ఒక జెండా తెచ్చి కిటికీకి కట్టింది. వానలకి రంగు పోలేదు. పాలియెస్టర్ కదా.

దానికన్నా ఐదేళ్ల ముందటి సంగతి ఇంకా గుచ్చుకుంటుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి బతుకమ్మ చీరలు పంచింది. కోటికి పైగా కావాలి. సిరిసిల్ల సాంచాల మీద అన్ని నేసే వ్యవధి లేక, మిగతావి సూరత్ నుంచి తెప్పించారు. సెప్టెంబరులో పంపకం మొదలైందో లేదో, నాసిరకం చీరలని ఆడవాళ్లు చాలాచోట్ల రోడ్డు మీద పోసి తగలబెట్టారు. లింబాయత్‌లో మా గల్లీవాళ్లం తెలుగు చానల్ పెట్టుకుని అది చూశాం. పాలియెస్టర్ కాలితే బూడిద కాదు, కరిగి నల్లగా బొట్లు కారుతుంది. టీవీలో అది కూడా దగ్గర నుంచి చూపించారు. అంతలో అక్క ఫోన్.

"ఏందిరా, గివి మీ సూరత్ చీరలంట గదా. గిట్లనే నేస్తరా మీరు?"

ఏం చెప్పను? ఆ ధరకి అంతకన్నా వస్తుందా అని అడిగితే నేను సేఠ్ పక్షమైనట్టు. నేసినవాడికి మీటరుకి వచ్చేది పైసల్లో లెక్క అని చెబితే, దానం తీసుకునే చీర బాగుండాలని ఆమె అడగటం తప్పన్నట్టు. అవతల అధికార పక్షం, ప్రతిపక్షం పోటీ పడి మాట్లాడుతున్నాయి. ఆ చీర మీద పార్టీ గుర్తు లేదు, నాయకుడి బొమ్మ లేదు. అయినా నేను చూసినవాటిలో అంతకన్నా రాజకీయం నింపుకున్న చీర లేదు. మరుసటి ఏడు నుంచి ఆర్డరంతా సిరిసిల్లకే ఇచ్చారు. మంచి పని చేశారు. ఆ చీరలు కాలిన వారంలోనే మా గల్లీ ఆడవాళ్లు, గరబా సంగీతం పక్కవీధిలో మోగుతుంటే ఇక్కడ తంగేడు దొరక్క బంతిపూలతో బతుకమ్మ పేర్చారు. ఎవరూ కొత్త చీర గురించి మాట్లాడలేదు.

అప్పటి నుంచి నాకొక అలవాటైంది. ఏ వార్త వచ్చినా ఇది చీర మీదికి ఎక్కుతుందా లేదా అని చూస్తాను. ముందే నలుగురి నోళ్లలో అమ్ముడైపోయినదే ఎక్కుతుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పొడిగిస్తారన్న భయంతో మరమగ్గాల కార్మికులు, ఎక్కువ మంది ఒడిశా గంజాం వాళ్లు, కూలి ఇచ్చి మా ఊళ్లకు పంపమని లస్కాణా దగ్గర రోడ్డెక్కారు. పోలీసులు చెదరగొట్టారు, కేసులు పెట్టారు. ఈ ఊరి మగ్గాలన్నీ ఎవరి చేతుల మీద ఆడతాయో వాళ్ల వార్త అది. సూరత్‌లో ఇన్ని లక్షల మీటర్ల గుడ్డ తయారవుతుంది. ఆ వార్తకి జానెడు గుడ్డ దొరకలేదు. దొరకాలని నేననను. దాన్ని కూడా చీర చేసి అమ్మితే ఇంకా సిగ్గుగా ఉండేది. ఏది అచ్చు వేయరో అది రాసి పెట్టుకుంటే ఈ ఊరి చరిత్ర నాలుగో వంతు వచ్చేస్తుందని మాత్రం అంటాను.

ఎన్నికల సరుకు ఇక్కడ రెండో పంట. అన్ని పార్టీల జెండాలూ కండువాలూ ఒకే గోడౌన్‌లో పక్కపక్కన ఉంటాయి. 2024 వేసవిలో ఆంధ్రాకి వెళ్లే పసుపు కండువాల మూటా, మూడు రంగుల కండువాల మూటా ఒకే టెంపోలో ఎక్కించాం. ఆ మూటల్ని ఇక్కడ పోట్లా అంటారు. వినడానికి మన పొట్లంలాగే ఉంటుంది గాని ఎత్తితే నడుం పడిపోతుంది. రెండు పార్టీల పోట్లాలూ ఒకే హమాలీ వీపు మీద వెళ్లాయి.

దేశానికంతా ప్రచారం కుట్టి పంపే సూరత్‌లో మాత్రం ఆ ఏడు లోక్‌సభకి పోలింగే జరగలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్‌ను, ప్రతిపాదించినవాళ్లు సంతకాలు తమవి కావన్నారని, తిరస్కరించారు. మిగిలినవాళ్లు ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముఖేశ్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచినట్టు ప్రకటించారు. 1907లో ఇదే సూరత్ కాంగ్రెస్ మహాసభలో మితవాదులూ అతివాదులూ చెప్పులు విసురుకునే దాకా వెళ్లారు. అది గొప్పని కాదు, కనీసం రెండు పక్షాలుండేవి.

ఇక్కడే ఒక చిత్రం. నగరం ఒకటే అయినా లింబాయత్, ఉధ్నా, మజూరా, చోర్యాసీ అసెంబ్లీ స్థానాలు నవసారి లోక్‌సభ కిందికి వస్తాయి. కతార్‌గామ్, వరాఛా, పాత ఊరు సూరత్ స్థానంలో ఉన్నాయి. అందుకని వజ్రాల వ్యాపారి, బట్టల సేఠ్ ఉండే వీధుల్లో ఓటు లేదు. మా ఇరుకు గల్లీలో ఉంది. మే 7న పొద్దున్నే మా ఆవిడా నేనూ ఎండెక్కక ముందే వెళ్లి వరసలో నిలబడ్డాం. ముందు ఒక ఖాందేశీ ముసలమ్మ, వెనక ఇద్దరు నిజామాబాద్ పిల్లలు. ఎవరికి వేశానో చెప్పను గాని, మీట నొక్కేటప్పుడు చెయ్యి కాస్త వణికిన మాట నిజం. ఇన్నేళ్లలో ఎప్పుడూ వణకలేదు.

మర్నాడు దుకాణంలో సేఠ్ నా వేలు పట్టుకుని సిరా మరక చూశాడు. తన వేలు పక్కన పెట్టి పోల్చుకున్నాడు. ఆయనది కతార్‌గామ్. "నీకు పని పడింది, నాకు సెలవు దొరికింది" అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆంధ్రా, తెలంగాణ పోలింగ్ మే 13న. కండువాల పార్సెళ్లన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. ఆ రోజు నేను రాసింది ఒక్కటే బిల్లు: నూట పన్నెండో నంబరు, పూల డిజైను, రెండు వందల చీరలు, విజయవాడ.