పేరు ఒక ఊరిలో, మనిషి ఒక ఊరిలో



బట్లహళ్ళి, చింతామణి ప్రాంతములలో మన పెద్దలు కూడినచోటనెల్ల ఒక మాట వినబడుచున్నది: "పిల్లలు సంఘానికి దూరమైపోతున్నారు." కారణము కూడ వెంటనే చెప్పుదురు: లోకాశ, స్నేహితులు, సెల్‌ఫోను. హెబ్రీ పత్రిక 10:25 చూపి మందలింతురు. మందలింపు తప్పు కాదు. కాని రోగమేదో తెలియకుండ మందు వేయవచ్చునా?

మన పిల్లలలో అనేకులు విశ్వాసమును విడిచినవారు కారు. బెంగళూరులో పని దొరకగానే అక్కడ ఏదో ఒక పెద్ద సంఘమునకు వెళ్ళుదురు. పాటలు బాగున్నచోట ఒక వారము, ప్రసంగము బాగున్నచోట మరొక వారము. షిఫ్టు పడిన ఆదివారము ఫోనులోనే ఆరాధన. వీరి పేరు ఎవరును అడుగరు. రాకపోయినను ఎవరికిని తెలియదు. ఇట్లు రెండు మూడేండ్లు గడచిన తరువాత నీవు ఏ సంఘపు బిడ్డవని అడిగితే జవాబు ఉండదు.

ఈ తప్పు ఎవరిది? మొదట మన వంతు చూచుకొందము.

బాప్తిస్టులమైన మనము శిశువులకు బాప్తిస్మమియ్యము. నమ్మి ఒప్పుకొనినవారే సంఘ సభ్యులని మన బోధ. అయితే నీళ్ళలో నుండి లేచిన బిడ్డను మనము సభ్యునిగా చూచితిమా? కుర్చీలు వేయుటకు, మైకు సర్దుటకు, క్రిస్మసు నక్షత్రము కట్టుటకు పిలిచితిమి. సంఘ కూటములో నీకును ఓటున్నదని ఎవరు చెప్పిరి? రోగిని దర్శింపబోవునప్పుడు ఎవరు వెంట తీసికొనిపోయిరి? సొంత సంఘములోనే చుట్టముగా పెరిగినవాడు పట్టణములోను చుట్టముగానే మిగులును.

మరొకటి భాష. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, ఉద్యోగములో ఇంగ్లీషు. వాక్యము చదువుమని తెలుగు బైబిలు చేతికిచ్చితే పిల్లవాడు తడబడును, మనము నవ్వుదుము. తరువాతి వారము వాడు వెనుక వరుసలో కూర్చుండును. కన్నడ అక్షరములు వచ్చినవానికి తెలుగు అక్షరములు కష్టము కావు. రెండును అక్కచెల్లెండ్ర వంటివి. ఆదివారపు బడిలో ఓపికతో నేర్పవచ్చును. నేర్పితిమా?

దూరమే కారణమందురా? మన చరిత్ర అట్లు చెప్పుట లేదు. ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళిన తెలుగు బాప్తిస్టులు సముద్రమవతల తోటలలో పనిచేయుచు కూడ సంఘమును మరువలేదు. ఇక్కడి తెలుగు బాప్తిస్టులును వారిని మరువలేదు. తమ హోమ్ మిషనరీ సొసైటీ ద్వారా 1903లో జాన్ రంగయ్యగారిని వారియొద్దకు పంపిరి. ఆ సంవత్సరమే కియర్స్‌నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. వెళ్ళినవారును, పంపినవారును ఒకరినొకరు విడువలేదు గనుక అది జరిగినది. మనకు బెంగళూరు సముద్రమవతల లేదు. ఉదయము బస్సెక్కితే మధ్యాహ్నపు భోజనమునకు చేరుదుము.

కెంక్రేయ సంఘపు ఫీబేను గూర్చి పౌలు రోమా సంఘమునకు వ్రాసిన మాటలు 16వ అధ్యాయములో ఉన్నవి. ఆమె ఎవరో, ఏమి పరిచర్య చేసినదో చెప్పి, ఆమెను చేర్చుకొనుమని కోరెను. మనమైతే బిడ్డ ఊరు విడుచునప్పుడు ఊరగాయ జాడీ కట్టియిత్తుము గాని, సంఘమునుండి ఒక ఉత్తరము వ్రాసియియ్యము.

యౌవనస్థులారా, మీకును ఒక మాట. మా లోపము మీకు సాకు కాకూడదు. ప్రసంగము ఫోనులో వినవచ్చును. కాని మీకు జ్వరము వచ్చిననాడు ఆ ఫోను గంజి తేదు. మీరు గంజి తీసికొనిపోవలసిన ముసలమ్మయు అందులో లేదు. చిన్నదైనను, పాటలు అంతంతమాత్రమైనను, ఒక్క సంఘమును ఎన్నుకొనుడి. పేరు వ్రాయించుకొనుడి. "ఈ వారము ఎందుకు రాలేదు?" అని అడుగు హక్కు వారికియ్యుడి. ఆ ప్రశ్న మొదట చికాకు కలిగించును. అది అడుగువారు లేని పట్టణములో ఎంత ఒంటరితనమో మీకే తెలియును.

పెద్దలారా, ఈ నెలలోనే మన సభ్యుల పట్టిక తీసి, ఊరు విడిచిన బిడ్డల పేర్లు వ్రాసికొందము. ఒక్కొక్కరికి ఫోను చేసి, ముందు క్షేమము అడిగి, తరువాత సంఘమును గూర్చి అడుగుదము. వారికి దగ్గరలోనున్న సంఘ కాపరికి ఉత్తరము వ్రాయుదము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.